ఉప్పుగాలిలో కాంక్రీటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా విశాఖ నుంచే వచ్చాయి, అదీ సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్ల నుంచే. అందుకని వాస్తు ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాం, కోప్పడకండి.

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో పాత అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులూడి రాడ్లు కనిపిస్తున్నాయి. పుట్టీ పెట్టి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే సరిపోతుందని పెయింటర్ అంటున్నాడు. నమ్మొచ్చా అండీ?

జవాబు: నమ్మకండమ్మా. పుట్టీతో కంటికి కనబడకుండా పోతుంది, అంతే. లోపల తుప్పు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. కాంక్రీటుకున్న క్షారగుణం వల్ల రాడ్డు చుట్టూ పల్చటి రక్షణ పొర ఒకటి ఏర్పడుతుంది, సముద్రపు గాలితో వచ్చే ఉప్పులోని క్లోరైడ్లు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఇంకి చివరికి ఆ పొరను దెబ్బతీస్తాయి. అక్కణ్నుంచి తుప్పు మొదలు. తుప్పుకి అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి, ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది.

మీరు కింద చూసి కంగారు పడుతున్నారు గానీ ముందు చూడాల్సింది పైన. కింద స్తంభాలు లేకుండా గోడలోంచి బయటికి వచ్చిన బాల్కనీ అయితే, బరువు మోసే మెయిన్ రాడ్లు స్లాబు పైభాగంలో, మీ టైల్స్ కింద ఉంటాయి. గోడకి ఆనుకుని టైల్స్ మీద గోడ పొడవునా బీట ఏమైనా కనిపిస్తోందా? బాల్కనీ అంచు కొంచెం కిందికి వాలినట్టుందా? ఉంటే పెయింటర్‌ని పంపించేసి, కింద జాకీలు పెట్టించి, పూలకుండీలు, వాషింగ్ మెషీన్ తీసేసి, ఆ రోజే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి.

బీట లేకపోతే రిపేరుతో బయటపడొచ్చు. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, రాడ్డు వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేసి, ఇనుము మెరిసేదాకా తుప్పు గీకించాలి. బాగా సన్నబడిన చోట కొత్త రాడ్డు జత చేసి, జింక్ ప్రైమర్ కొట్టి, పాలిమర్ మోర్టార్‌తో నింపాలి. ఇక్కడో తిరకాసు ఉంది: అతుకు వేసినంత మేర బాగానే ఉంటుంది, కానీ దాని అంచున, ఉప్పు ఇంకా మిగిలి ఉన్న పాత కాంక్రీటులో, తుప్పు కొత్తగా మొదలవుతుంది. రెండేళ్లకే మళ్లీ పక్కన ఊడింది, కాంట్రాక్టర్ మోసం చేశాడు అని చాలామంది తిట్టుకునేది దీనివల్లే. దీనికి విరుగుడుగా ఇప్పుడు అతుకు అంచుల్లో రాడ్డుకి చిన్న జింక్ ఆనోడ్లు కడుతున్నారు, ఇనుముకి బదులు జింకు అరిగిపోతుంది. ఓడల అడుగున బిగించే జింకు దిమ్మల పనీ ఇదే, మీ ఇంట్లో పోర్టులోనో షిప్‌యార్డులోనో పనిచేసేవాళ్లుంటే చెబుతారు.

ప్రశ్న: రుషికొండ దగ్గర ఇల్లు మొదలుపెట్టాం, జీ ప్లస్ టూ. ఇంజినీర్ గారు స్లాగ్ సిమెంటు, ఎం30 గ్రేడు కాంక్రీటు అంటున్నారు. మేస్త్రీ 53 గ్రేడ్ ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) అయితేనే గట్టి, ఎం20 చాలు, అందరూ అలాగే కడుతున్నారు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇంజినీర్ మాట. బస్తా మీది 53 అనేది ల్యాబులో సిమెంటు మోర్టార్ క్యూబుకి 28 రోజులకు రావాల్సిన బలం, మీ స్లాబు బలం కాదు. పైగా మీ ఇంటికి బలం కంటే ఉప్పుని ఆపడం ముఖ్యం. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటు 'సివియర్' (తీవ్రమైన వాతావరణం) కిందికి వస్తుంది: కనీసం ఎం30 (28 రోజులకు 30 మెగాపాస్కల్స్ బలం రావాల్సిన కాంక్రీటు), నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు, క్యూబిక్ మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే రాడ్డుని కప్పి ఉంచే కాంక్రీటు మందం. ఉప్పుగాలి నేరుగా తగలని లోపలి భాగాలు 'మోడరేట్' (ఒక మోస్తరు) కిందికి వస్తాయి, వాటికి ఎం25, 30 మిల్లీమీటర్ల కవర్. ఎం20 అనేది సముద్రం ఊసు లేని ఊళ్లకి. కవర్ పెరిగితే రాడ్డు లోపలికి జరుగుతుంది కాబట్టి స్లాబు మందం కూడా లెక్కలో మారాలి, అది డ్రాయింగులోనే తేలాలి గానీ సెంట్రింగ్ మీద నిలబడి తేల్చేది కాదు. కవర్ బ్లాకులు కాంక్రీటువే వాడమనండి, కంకర రాయి పెట్టనివ్వకండి.

స్లాగ్ అంటే ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చేది. కరిగిన స్లాగ్‌ని నీళ్లతో ఒక్కసారిగా చల్లారిస్తే ఇసుకలాంటి గుళికలవుతాయి, వాటిని మెత్తగా రుబ్బి క్లింకర్‌తో (సిమెంటు బట్టీలో కాల్చి తీసే ముడి గడ్డలతో) కలుపుతారు. ఐఎస్ 455 ప్రకారం ఈ సిమెంటులో స్లాగ్ 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు. దీంతో లోపలి రంధ్రాలు సన్నబడి క్లోరైడ్లు నెమ్మదిగా వెళతాయి. కానీ మొదట్లో బలం ఆలస్యంగా వస్తుంది, మీ మేస్త్రీ అసలు ఇబ్బంది అదే అనుకుంటా, సెంట్రింగ్ త్వరగా విప్పి ఇంకో సైటుకి పట్టుకుపోలేడు. నీళ్లు కూడా 14 రోజులు పట్టాలి. ఆ నీళ్లు ఉప్పు బోరువి కాకూడదు, కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, పరీక్ష చేయించండి. సున్నపురాయి, కాల్చిన బంకమట్టి కలిపి క్లింకర్‌ని సగానికి తగ్గించే ఎల్‌సీ3 సిమెంటుకి కూడా 2023లో ఐఎస్ 18189 వచ్చింది, క్లోరైడ్ల విషయంలో అదీ మంచిదే. కానీ మీ చుట్టుపక్కల దొరికితేనే కదా.

ప్రశ్న: తుప్పు పట్టని ఫైబర్ రాడ్లు వచ్చాయట. మధురవాడలో మా ఇంటికి మొత్తం అవే వేసేద్దామా?

జవాబు: వద్దు. గ్లాస్ ఫైబర్ రాడ్లకి ఐఎస్ 18256 ఉంది, బరువు ఉక్కులో నాలుగో వంతు, తుప్పు అసలు పట్టదు, అంతా నిజమే. కానీ బరువుకి లొంగకుండా ఉండే వాటి బిగుతు (స్టిఫ్‌నెస్) కూడా ఉక్కులో దాదాపు నాలుగో వంతే, కాబట్టి 12 ఎంఎం తీసి 12 ఎంఎం పెడితే స్లాబు ఎక్కువ కుంగుతుంది, బీటలు వెడల్పవుతాయి. ఉక్కు తెగేముందు బాగా సాగి హెచ్చరిస్తుంది, ఇది అలా సాగకుండా ఒక్కసారిగా తెగుతుంది. సైటులో వంచడం కుదరదు, నిప్పుకీ తట్టుకోదు. నేల మీది స్లాబుకో, డ్రెయిన్‌కో, ప్రహరీకో అయితే సరే. బీములూ స్తంభాలూ ఉక్కుకే వదిలేయండి.

ప్రశ్న: ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు) లారీ వచ్చాక పంపులో పోవట్లేదని డ్రైవర్ పైపు పెట్టి నీళ్లు కలిపాడు. పర్లేదా సార్?

జవాబు: ఎంత కలిపాడన్నది ముఖ్యం. 6 క్యూబిక్ మీటర్ల లారీ, క్యూబిక్ మీటరుకు 320 కిలోల సిమెంటు, 0.45 నిష్పత్తి అనుకుందాం. 100 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.50కి పోతుంది. అంటే డబ్బు 'సివియర్'కి కట్టి సరుకు 'మోడరేట్'ది తీసుకున్నట్టు. జారుడు కావాలంటే నీళ్లు కాదు, ప్లాంటు వాళ్లు ఒప్పుకున్న మోతాదులో సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే కాంక్రీటుని జారేలా చేసే రసాయనం) కలపాలి. మీకు ఆ రోజు బలం పరీక్షకి కాంక్రీటు క్యూబులు తీసి ఉంటే, నీళ్లు పోశాక తీసినవా, ముందు తీసినవా అని కనుక్కోండి. ముందు తీసినవైతే ఆ రిపోర్టు మీ స్లాబుది కాదు, స్లాబులోంచే కోర్ (డ్రిల్లుతో తీసే గుండ్రటి ముక్క) తీయించి పరీక్ష చేయించాల్సిందే.