ఓట్ల లెక్క సరిచూసే చదువు బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎలక్ట్రానిక్ ఓట్ల లెక్కింపును తనిఖీ చేసే రంగంలోకి వెళ్తానని, అందుకోసం గణాంక శాస్త్రంలో పీజీ చేస్తానని అంటోంది. బంధువుల పిల్లలు బ్లాక్‌చెయిన్ కోర్సుల్లో చేరుతున్నారు. ఎన్నికలే ఇష్టమైతే బ్లాక్‌చెయిన్ ఓటింగ్ నేర్చుకోమంటున్నాను. రెండింటిలో ఏది మేలు? ఈ పనిలో రాజకీయ ముద్ర పడదా?

జవాబు: మీరు రెండు కోర్సుల పోలిక అడిగారు గానీ, మీ అసలు భయం చివరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాల్లో కోర్సు పేర్లు మారుతుంటాయి, ఈ భయం మాత్రం మారదు. కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను.

లెక్క సరిచూసేవారు ఏ ఓటు కాగితాలు తీసి చూడాలో ఎలా ఎంచుతారో, ఎంత తేడా కనబడితే తనిఖీని విస్తరించాలో ముందే ప్రకటించి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. అమెరికాలోని కొలరాడోలో 2017లో రాష్ట్రమంతటా ఇటువంటి తనిఖీ జరిపినప్పుడు, బ్యాలట్ల ఎంపికకు కావలసిన అంకెలను పది ముఖాల పాచికలు వేసి అందరి ఎదుటా తీసుకున్నారు. ఏ బ్యాలట్లు పరీక్షకు వస్తాయో అధికారులకైనా ముందుగా తెలియదు. ఇలా పనిచేసేవారిని ఎవరూ నిందించరని నేను హామీ ఇవ్వలేను. అయితే నింద వచ్చిన రోజున మీ అమ్మాయి తన అభిప్రాయాన్ని కాదు, పద్ధతిని చూపిస్తుంది. ఆమెకు అదే రక్షణ.

బ్లాక్‌చెయిన్ ఓటింగ్ అంటే, చాలా కంప్యూటర్లలో ఒకేలా దాచే నమోదు పుస్తకంలో ఓట్లను రాయడం. దాని విషయంలో నాకున్న సందేహాలను దాచను. ఒకసారి నమోదైన దాన్ని తర్వాత ఎవరూ గుట్టుగా దిద్దలేకుండా చేయడం ఆ సాంకేతికత బలం. ఓటరు నొక్కిన గుర్తే అందులో నమోదైందా అన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర సమాధానం లేదు. తప్పుగా చేరిన ఓటును కూడా అది అంతే భద్రంగా కాపాడుతుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2018లో విదేశాల్లోని కొందరు ఓటర్ల కోసం వాడిన ఇటువంటి ఫోన్ యాప్‌ను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి, ఓటరు ఫోన్‌పై పట్టు సాధించినవారు ఓటును మార్చగలరని 2020లో వెల్లడించారు. సాఫ్ట్‌వేర్‌లో మన కంటపడని తప్పు ఏదైనా ఉంటే, అది ఫలితంలో మనం కనిపెట్టలేని మార్పు తేకూడదని కంప్యూటర్ రంగ పరిశోధకులు రొనాల్డ్ రివెస్ట్, జాన్ వాక్ ప్రతిపాదించిన సూత్రం. ఆ సూత్రాన్ని పాటించడానికి ఇప్పటికీ నమ్మకంగా పనికొచ్చేది, ఓటరు స్వయంగా చూసుకున్న కాగితమే. కోర్సుల ప్రకటనల్లో ఈ మాట కనబడదు.

కాగితం ఉంటే సరిపోదు, ఎన్ని తీసి చూడాలో తెలియాలి. గణాంక శాస్త్రం అవసరమయ్యేది ఇక్కడే. చాలా యంత్రాలున్న చోట నూటికి 10 యంత్రాల్లో లోపం ఉంటే, యాదృచ్ఛికంగా 29 తీసి చూస్తే చాలు, లోపమున్నది కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం ఉంటుంది. లోపమున్నవి నూటికి ఒకటే అయితే దాదాపు 300 చూడాలి. ఆధిక్యం స్వల్పంగా ఉన్నప్పుడు చిన్న లోపమే ఫలితాన్ని తారుమారు చేయగలదు కాబట్టి నమూనా పెరగాలి. గణాంక శాస్త్రవేత్త ఫిలిప్ స్టార్క్ 2008లో ప్రతిపాదించిన తనిఖీ విధానానికి ఆధారం ఈ ఆలోచనే. ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలను (ఓటు వేసినప్పుడు యంత్రం ఓటరుకు చూపే కాగితాలను) లెక్కించాలని సుప్రీంకోర్టు 2019లో ఆదేశించింది. ఐదు చాలునా అన్న వాదనలో ఇరువైపులా వినిపించేది ఎక్కువగా ఆవేశమే. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఆ వాదనకు కావలసిన లెక్కను.

తనిఖీ ఎందుకు కావాలో ఒక ఉదాహరణ చెబుతాను. బెల్జియంలోని షార్‌బేక్‌లో 2003లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. రావడానికి వీలులేనన్ని ఓట్లు రావడం వల్లనే అది బయటపడింది. కంప్యూటర్ మెమరీలో ఒక్క బిట్ (సున్నా లేదా ఒకటిగా ఉండే అతి చిన్న అంకె) మారితే సరిగ్గా అంత తేడా రావచ్చు. తేడా నాలుగు ఓట్లో, అరవై నాలుగు ఓట్లో అయి ఉంటే ఎవరికి అనుమానం వచ్చేది?

ఇక మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. బంధువుల పిల్లలు ఏం చదువుతున్నారో రాశారు. మీ అమ్మాయికి ఈ ఆసక్తి ఎలా కలిగిందో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆమెను అడిగారా? ఇంత కష్టమైన ప్రశ్నను తానై ఎంచుకున్న బిడ్డను, పేరు విని నచ్చిన కోర్సు వైపు నెట్టడం పెద్దరికం కాదు.

ఓట్ల తనిఖీ అనే పేరుతో ఉద్యోగాలు తక్కువే. కానీ నమూనా ఎంపిక, లోపాల అన్వేషణ, భద్రతా పరీక్ష తెలిసినవారు బ్యాంకుల ఆడిట్‌లోనూ మందుల ప్రయోగ పరీక్షల్లోనూ కావాలి. కాబట్టి బతుకుదెరువు గురించి దిగులు పడకండి. పీజీలో చేరినా ప్రోగ్రామింగ్‌ను వదలవద్దని మాత్రం ఆమెకు చెప్పండి.

ఓటింగ్‌లోనూ లెక్కింపులోనూ ముఖ్యమైన దశలను ప్రత్యేక పరిజ్ఞానం లేని పౌరుడు కూడా సరిచూసుకోగలగాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో తీర్పునిచ్చింది. ఈ వారం మీరే ఆ పౌరుడై, 29కీ 300కీ తేడా ఎందుకొచ్చిందో అమ్మాయి చేత చెప్పించుకుని ఓపికగా వినండి. కోర్సుల గురించి ఇంకా సందేహాలుంటే ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.