రక్షణ విమానాల పైలట్లు: కాలిపోయిన రికార్డులు, మిగిలిన ఆధారాలు

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. మా పొరుగింటి పెద్దావిడ తండ్రిగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సముద్రంలో కూలిన విమానాల సిబ్బందిని రక్షించే విమానానికి పైలట్‌గా పనిచేశారట. ఆవిడ దగ్గర ఆయన విడుదల పత్రం, నాలుగైదు ఫొటోలు తప్ప మరేమీ లేవు. సర్వీసు రికార్డు కోసం రాస్తే, అది 1973 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉండవచ్చని జవాబు వచ్చింది. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోనక్కరలేదు. ఆ ఉత్తరం చెబుతున్నది ఒక్క ఫైలు గురించి మాత్రమే. ఒక పైలట్ జీవితం ఒక్క ఫైలులోనే నమోదై ఉండదు కాబట్టి, ముందుగా ఆ ప్రమాదంలో ఏమి పోయిందో, ఏమి మిగిలిందో తెలుసుకోవడం అవసరం.

1973 జూలై 12న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, సెయింట్ లూయిస్ నగర శివార్లలో ఉన్న జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆరో అంతస్తుకు నిప్పంటుకుంది. ఆ అంతస్తులో మంటలను ఆర్పే నీటి గొట్టాల ఏర్పాటు లేదు. సుమారు 160 నుంచి 180 లక్షల ఫైళ్లు నాశనమయ్యాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ములు లేవు, కనీసం ఏ ఫైళ్లు ఉన్నాయో చెప్పే సూచిక కూడా లేదు. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 మధ్య సైన్యం నుంచి విడుదలైన వారి ఫైళ్లలో దాదాపు 80 శాతం, 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య వైమానిక దళం నుంచి విడుదలైన వారి ఫైళ్లలో, అక్షరక్రమంలో ‘హబ్బర్డ్, జేమ్స్ ఇ.’ అనే పేరు తర్వాత వచ్చేవాటిలో, దాదాపు 75 శాతం పోయాయి.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో వైమానిక దళం ప్రత్యేక దళంగా లేదు. అది సైన్యంలో ఒక భాగం. కాబట్టి 1945లోనో 1946లోనో ఇంటికి వెళ్లిపోయిన పైలట్ ఫైలు, పేరు ఏ అక్షరంతో మొదలైనా సరే, 80 శాతం నష్టం జరిగిన సైన్యపు ఫైళ్లలోకే వస్తుంది. యుద్ధం తర్వాత కూడా కొనసాగి, కొరియా యుద్ధంలోనూ పనిచేసి అప్పుడు విడుదలైన వారి విషయంలో ఇంటిపేరు అక్షరక్రమంలో ఎక్కడ వస్తుందన్నదే అదృష్టాన్ని నిర్ణయిస్తుంది. నౌకాదళం పైలట్ల ఫైళ్ల సంగతి వేరు. అవి ఆ మంటల్లో చిక్కుకోలేదు. నీటి మీద దిగగలిగే కటలీనా రకం విమానాలను రెండు దళాలూ నడిపాయి కాబట్టి, కుటుంబంలో చెప్పుకునే మాటల్లో ‘సైన్యం’, ‘నౌకాదళం’ కలగాపులగం కావడం సహజం. ఆయన ఏ దళం వారో విడుదల పత్రంలో చూసి రూఢి చేసుకోకుండా రాసే ఏ ఉత్తరానికీ సరైన జవాబు రాదు.

కాలినవన్నీ బూడిద కాలేదు. మంటలు ఆరిన తర్వాత తడిసి ముద్దయిన ఫైళ్లను ప్లాస్టిక్ పాలక్రేట్లలో సర్ది, అంతరిక్ష నౌకల పరీక్షల కోసం మెక్‌డానెల్ డగ్లస్ సంస్థ కట్టుకున్న శూన్యగదిలో పెట్టి ఆరబెట్టారు. అలా దక్కిన ఫైళ్లు దాదాపు 65 లక్షలు. అంచులు నల్లబడి, ముట్టుకుంటే రాలిపోయే కాగితాలను ఈనాటికీ అక్కడి సంరక్షణ విభాగంలో ఒక్కొక్కటిగా విప్పి, శుభ్రం చేసి, నకలు తీసి ఇస్తున్నారు. అందువల్ల ‘కాలిపోయి ఉండవచ్చు’ అన్న మాటతో సంతృప్తి పడకుండా, కాలి మిగిలిన ఫైళ్లలో వెదికారా లేదా అని స్పష్టంగా అడగండి. విడుదలై 62 ఏళ్లు దాటిన వారి రికార్డులు ఎవరికైనా అందుబాటులో ఉంటాయి కాబట్టి ఆ అర్జీ మీరే పెట్టవచ్చు.

ఫైలు నిజంగానే లేకపోతే, ఆవిడ దగ్గరున్న విడుదల పత్రమే మీకు తాళంచెవి. అధికారులకు ఇచ్చిన ఆ పత్రంలో సర్వీసు నంబరు, చివరిగా పనిచేసిన స్క్వాడ్రన్ (విమాన దళం), విదేశాలకు వెళ్లిన తేదీలు, పాల్గొన్న పోరాటాలు, పొందిన పతకాలు, చదివిన సైనిక పాఠశాలలు ఉంటాయి. అధికారి నంబరు ముందు ‘ఓ’ అనే అక్షరం ఉంటుంది. అయితే చాలామంది ముందు మామూలు సిపాయిలుగా చేరి, తర్వాత వైమానిక శిక్షణకు ఎంపికై, ఆ పైన అధికారులయ్యారు; అలాంటి వారికి అంతకు ముందటి ఎనిమిది అంకెల నంబరు మరొకటి ఉంటుంది. రెండు నంబర్లతోనూ వెదికించాలి. ఆ నంబర్ల ఆధారంగా చివరి జీతపు చెల్లింపు పత్రాన్ని, స్క్వాడ్రన్ తేదీల ఆధారంగా దినవారీ నివేదికలను అడగవచ్చు. ప్రతి ఉదయం ప్రతి దళమూ పంపిన ఆ నివేదికల్లో మార్పులు మాత్రమే రాసేవారు: ఫలానా వ్యక్తి ఆసుపత్రిలో చేరాడు, ఫలానా వ్యక్తి బదిలీ అయ్యాడు, ఫలానా వ్యక్తి ఆచూకీ లేదు. నెలల తరబడి పేరు కనిపించకపోతే ఆయన అక్కడ లేరని కాదు, ఏ మార్పూ లేకుండా రోజూ విధుల్లో ఉన్నారని అర్థం.

ప్రశ్న: రక్షణ విమానాలు నడిపేవారికి శిక్షణ వేరుగా ఉండేదా? ఆ వివరాలు ఏ కాగితాల్లో దొరుకుతాయి?

జవాబు: మొదటి మెట్లు అందరికీ ఒకటే. సైన్యపు వైమానిక విభాగంలో చేరిన అభ్యర్థి ముందు నేల మీద పాఠాలు నేర్చుకుని, ఆ తర్వాత ప్రాథమిక, మధ్యమ, ఉన్నత దశలు దాటాలి. మొదటి దశలో సాధారణంగా స్టియర్‌మన్ రెండు రెక్కల విమానం, రెండో దశలో వల్టీ బీటీ-13, మూడో దశలో, ఒకే ఇంజను విమానాలకు వెళ్లేవారైతే, ఏటీ-6. ఒక్కొక్క దశ తొమ్మిది పది వారాలు, సుమారు 60, 70 గంటల ప్రయాణం. ఏ దశలోనైనా పరీక్షాధికారి చాలడని తేలిస్తే అక్కడితో సరి. అందుకే, శిక్షణ ముగించిన పైలట్‌కు ఇచ్చే రెక్కల బిళ్ల అందుకున్న తేదీకి అంత విలువ.

అసలు తేడా ఆ తర్వాత వస్తుంది. 1944 నాటికి సైన్యం అత్యవసర రక్షణ స్క్వాడ్రన్లను ఏర్పాటు చేసుకుని, మిసిసిపీ రాష్ట్రంలోని కీస్లర్ ఫీల్డ్‌లో వాటి సిబ్బందికి ప్రత్యేక శిక్షణ ఇచ్చింది. నీటి మీద దిగడం రన్‌వే మీద దిగడం లాంటిది కాదు. అలల పొడవును, గాలి దిశను పైనుంచే అంచనా కట్టాలి. సముద్రం ఉప్పొంగుతుంటే, వేగం పూర్తిగా చచ్చేదాకా ముక్కు ఎత్తి ఉంచి, విమానాన్ని నీటి మీద పడేయాలి. అలా పడేసిన దెబ్బకు కటలీనా అడుగుభాగపు రేకుల మేకులు ఊడి నీరు లోపలికి వచ్చేది. మనిషిని లోపలికి లాగాలంటే చాలాసార్లు ఇంజన్లు ఆపవలసి వచ్చేది, ఆపిన ఇంజన్లు శత్రువు కాల్పుల మధ్య మళ్లీ అంటుకుంటాయన్న భరోసా ఉండేది కాదు. హెలికాప్టర్ల సంగతి ఇంకా కొత్త: తొలి సైనిక పైలట్లు కనెక్టికట్‌లో సికోర్‌స్కీ కర్మాగారంలోనే నేర్చుకున్నారు, 1944లో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్‌లో పాఠశాల పెట్టారు.

కాగితాల విషయానికి వస్తే, ‘ఫారం 5’ అనే వ్యక్తిగత ప్రయాణ పట్టిక అన్నిటికన్నా నమ్మదగినదని నా అభిప్రాయం. నెలకొక పుట చొప్పున, ఏ తేదీన ఏ రకం విమానం, పైలట్‌గానా సహపైలట్‌గానా, పగలా రాత్రా, ఎన్ని గంటలు, ఎన్నిసార్లు దిగారు అన్నది అందులో గడులు గడులుగా ఉంటుంది. రక్షణ పైలట్ విషయంలో ఆ చివరి గడిని తప్పక చూడాలి: ఒకే ప్రయాణంలో రెండు, మూడు సార్లు దిగినట్టు ఉంటే, మధ్యలో నీటి మీద దిగారేమోనని వెదకడానికి అదే మొదటి సూచన. పైలట్ స్వయంగా రాసుకున్న లాగ్‌బుక్ ఆయన సొంత ఆస్తి కాబట్టి అది ప్రభుత్వ భాండాగారంలో కాక, ఇంట్లో పాత పెట్టెల్లో దొరికే అవకాశమే ఎక్కువ. ఆ పెద్దావిడను ఒకసారి వెదికి చూడమనండి.

ప్రశ్న: ఒక పైలట్ ఎంతమందిని కాపాడారో అతని సర్వీసు రికార్డులో ఉంటుందా?

జవాబు: మామూలుగా ఉండదు. కూల్చిన శత్రు విమానాలను లెక్కపెట్టి పేరు పక్కన రాశారు గాని, కాపాడిన ప్రాణాలను అలా రాయలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అదృష్టవశాత్తు పతకం వస్తే ఆ ప్రశంసాపత్రంలో కథ దొరుకుతుంది. నౌకాదళ పైలట్ నేథన్ గోర్డన్ 1944 ఫిబ్రవరి 15న న్యూ ఐర్లండ్‌లోని కవియెంగ్ రేవులో, జపాన్ ఫిరంగుల ఎదుటే కటలీనాను మూడుసార్లు నీటి మీద దింపి తొమ్మిది మందిని ఎక్కించుకున్నారు. బరువెక్కిన విమానంతో తిరుగుముఖం పట్టాక, తీరానికి 600 గజాల దూరంలో రబ్బరు తెప్ప మీద మరికొందరు ఉన్నారని కబురు అందితే మళ్లీ వెనక్కి వెళ్లి ఆరుగురిని తెచ్చారు. మొత్తం పదిహేను మంది. అత్యున్నత పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది కాబట్టే ఇన్ని వివరాలు అధికారికంగా నిలిచాయి.

మరొక ఉదాహరణ బర్మాలోది. 1944 ఏప్రిల్‌లో ఒక సార్జెంటు నడుపుతున్న చిన్న విమానం, గాయపడిన ముగ్గురు బ్రిటిష్ సైనికులతో సహా, జపాన్ సేనల వెనుక కూలిపోయింది. ఒకటో ఎయిర్ కమాండో దళానికి చెందిన లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ అస్సాంలోని లాలాఘాట్ నుంచి సికోర్‌స్కీ హెలికాప్టర్‌ను మజిలీలుగా తీసుకువెళ్లి, 25, 26 తేదీల్లో ఆ నలుగురినీ ఒక్కొక్కరిగా బయటికి తెచ్చారు. ఆ వేడిలో ఆ ఇంజను పైలట్‌తో పాటు ఒక్క మనిషిని మించి మోయలేదు. రెండో మనిషిని తెచ్చాక విపరీతంగా వేడెక్కిపోవడంతో మిగిలిన పని మరునాటికి వాయిదా పడింది. యుద్ధరంగంలో హెలికాప్టర్‌తో జరిగిన తొలి రక్షణగా దీన్ని చెబుతారు. ఇదే రెండు రోజులను ప్రయాణ పట్టికలో రాస్తే కొన్ని గంటలు, ఎన్నిసార్లు దిగారన్న అంకె మాత్రమే కనబడతాయి.

పతకం రాని వారి విషయంలో, కాపాడినవారి కాగితాలను వదిలి, కాపాడబడినవారి కాగితాలను చూడాలి. బాంబర్ గాని, ఫైటర్ గాని తిరిగి రానప్పుడు దాని దళం సిబ్బంది గల్లంతు నివేదిక రాసేది: విమానం నంబరు, సిబ్బంది పేర్లు, చివరిసారి కనిపించిన స్థలం, చూసినవారి వాంగ్మూలాలు, తరచుగా ఒక పటం. అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్న వైమానిక దళ చారిత్రక పరిశోధన సంస్థ, రక్షణ స్క్వాడ్రన్ల నెలవారీ చరిత్రలను భద్రపరచింది. నౌకాదళానికైతే స్క్వాడ్రన్ యుద్ధ దినచర్యలు చూడాలి. వాటిలో రక్షణ ప్రయాణాలకు ‘డంబో’ అనే మారుపేరు వాడేవారు కాబట్టి ఆ పేరుతోనూ వెదకాలి. పైలట్ ప్రయాణ పట్టికలోని తేదీ, స్క్వాడ్రన్ చరిత్రలోని తేదీ, గల్లంతు నివేదికలోని స్థలం మూడూ ఒకచోట కలిస్తే, ఆ రోజు ఆయన విమానంలోకి ఎక్కినవారి పేర్లు తెలుస్తాయి. మొదటి ప్రశ్న వేసిన పాఠకులు కూడా ఆవిడ తండ్రిగారి స్క్వాడ్రన్ పేరును, విదేశాలకు వెళ్లిన, తిరిగి వచ్చిన తేదీలను విడుదల పత్రం నుంచి రాసుకుని, ఆ నెలల చరిత్రను మాక్స్‌వెల్ నుంచి అడగడంతో మొదలుపెట్టడం మంచిది. సెయింట్ లూయిస్ జవాబు వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు.