గేటు లేచే ఆ పావు సెకను

ప్రశ్న: ఫ్లూమ్‌లో (ప్రయోగాల కోసం నీరు పారించే పొడవాటి తొట్టిలో) 30 సెంటీమీటర్ల నీరు నిలిపి, గేటు ఎత్తి, డ్యామ్ తెగినప్పటి వరదను గమనిస్తున్నాం. నీటి మొన, అంటే దూసుకొచ్చే నీటి ముందంచు, రిట్టర్ సూత్రం (డ్యామ్ తెగినప్పటి ప్రవాహాన్ని లెక్కగట్టేది) చెప్పినంత వేగంగా రావడం లేదు. మానింగ్ గుణకం పెంచితే కంప్యూటర్ మోడల్ మా కొలతలతో కలుస్తోంది. అలా పెంచడం సరైనదేనా?

జవాబు: దయచేసి పెంచకండి. మానింగ్ గుణకం మీ ఫ్లూమ్ అడుగు గరుకుదనాన్ని చెప్పాలి, ప్రయోగంలోని లోపాలను కప్పిపెట్టకూడదు. గాజు, అక్రిలిక్ అడుగుకు అది 0.009–0.010 దగ్గర ఉంటుంది. 0.02 పెడితే తప్ప కలవడం లేదంటే కారణం వేరే చోట ఉంది.

రిట్టర్ 1892లో ఇచ్చిన పరిష్కారంలో అడుగు పొడి, రాపిడి లేదు, గేటు ఏమాత్రం సమయం తీసుకోకుండా మాయమవుతుంది. ఆ లెక్కన మీ మొన సెకనుకు 3.43 మీటర్లు పరుగెత్తాలి, గేటు దగ్గర లోతు 4/9 వంతుకు, అంటే 13.3 సెం.మీ.కు, దిగి అక్కడే నిలవాలి. నిజమైన ఫ్లూమ్‌లో మొన దగ్గర నీరు పలచబడుతుంది, రాపిడి దాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే వేగం కొంత తగ్గడం సహజం. మొన కాస్త వెనకబడినా గేటు దగ్గర లోతు 13 సెం.మీ. చుట్టుపక్కల ఉంటే మీ ప్రయోగం బాగున్నట్టే.

ముందు గేటును అనుమానించండి. లోతును గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, 1.25తో గుణిస్తే వచ్చే సమయంలోపు గేటు నీటిని దాటి పైకి రావాలి. మీకది 0.22 సెకన్లు. చాలామంది కప్పీ మీదుగా తాడు వేసి బరువు వదులుతారు. ఆ అమరిక ఇక్కడ చాలదు: వస్తువు ఏ అడ్డూ లేకుండా 30 సెం.మీ. పడడానికే 0.25 సెకన్లు పడుతుంది, గేటును లాగుతూ పడితే ఇంకా ఎక్కువ. తాడును వదులుగా ఉంచితే బరువు ముందే వేగం అందుకుని, ఆ తర్వాత గేటును గుంజుతుంది. గాలి ఒత్తిడితో నడిచే సిలిండర్ అయితే మరీ మంచిది. ఏది వాడినా గేటు లేచే తీరును హైస్పీడ్ కెమెరాతో ప్రతిసారీ తీయండి.

తర్వాత చూడాల్సింది తడి. గేటు అంచు నుంచి కారిన నీరు దిగువ అడుగు మీద రెండు మూడు మిల్లీమీటర్లు నిలిచినా అది పొడి అడుగు ప్రయోగం కాదు. వచ్చే నీరు నిలిచిన నీటిని తోస్తూ, మొన నిటారుగా లేచి విరుగుతుంది, వేగం బాగా పడిపోతుంది. అంచుకు గ్రీజు రాయండి, అయితే గేటు బిగుసుకునేంత రాయొద్దు. ప్రతి ప్రయోగానికి ముందు అడుగును గుడ్డతో తుడవండి.

అల్ట్రాసోనిక్ సెన్సర్ సెకనుకు 50 కొలతలు తీస్తుంటే, ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య మొన 6 సెం.మీ. దాటిపోతుంది. పైగా నిటారు నీటి ముఖం మీద ప్రతిధ్వని చెదురుతుంది. మొన రాకను కెమెరాతోనే పట్టండి. గేటు కదలగానే వెలిగే చిన్న ఎల్‌ఈడీని ఫ్రేములో పెడితే సున్నా సెకను ఎక్కడో తేలిపోతుంది.

ప్రశ్న: మోడల్‌లో గేటు దగ్గర నీటి మట్టంలో చిన్న మెట్టు కనిపిస్తోంది. మొన దగ్గర వేగం ఒక్కసారిగా సెకనుకు వందల మీటర్లకు ఎగబాకుతోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. రిట్టర్ ప్రవాహంలో సరిగ్గా గేటు దగ్గరే నీటి వేగం, అల వేగం సమానమవుతాయి. గడుల మధ్య ప్రవాహాన్ని లెక్కగట్టే రో పద్ధతిని ఎంట్రపీ సవరణ (ఇలాంటి చోట తప్పుడు మెట్టును ఆపే దిద్దుబాటు) లేకుండా వాడితే అక్కడ లేని మెట్టు పుడుతుంది. ఆ సవరణ చేర్చండి, లేదా హెచ్‌ఎల్‌ఎల్‌సీ అనే మరో లెక్క పద్ధతికి మారండి. రెండో జబ్బు పలచని నీటిది. ప్రవాహాన్ని దాదాపు సున్నా లోతుతో భాగించడంతో వేగం పేలిపోతుంది. 0.1 మి.మీ. కన్నా తక్కువ నీరున్న గడిని (మోడల్ ఫ్లూమ్‌ను విడగొట్టే చిన్న ముక్కను) పొడిగా లెక్కించండి, రాపిడి పదాన్ని ఇంప్లిసిట్‌గా, అంటే తర్వాతి క్షణపు వేగంతోనే, పరిష్కరించండి. 1 సెం.మీ. గడులకు టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం) 0.0025 సెకన్లు దాటకూడదు.

ఇవి సరిచేశాక కూడా తొలి క్షణాల్లో తేడా మిగులుతుంది. మీ మోడల్ వాడే లోతులేని నీటి సమీకరణాలు నీటి నిలువు త్వరణాన్ని వదిలేస్తాయి. ఆ క్షణాలే మీకు ముఖ్యమైతే వీఓఎఫ్ (ప్రతి గడిలో నీరు ఎంత వంతు ఉందో లెక్కించే పద్ధతి) లాంటి త్రిమితీయ మోడల్ తప్పదు.

ప్రశ్న: నిజంగా జరిగిన ప్రమాదంతో మోడల్‌ను సరిచూడాలంటే?

జవాబు: ఫ్రాన్స్‌లో 1959 డిసెంబర్ 2న తెగిన మాల్పాసే డ్యామ్‌తో మొదలుపెట్టండి. వరద దిగువన విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లను చేరి ఆపేసిన సమయాలు, పోలీసులు నమోదు చేసిన నీటి గుర్తులు దొరుకుతాయి. దాన్ని 1:400 కొలతలో కట్టి ప్రయోగమూ చేశారు. ఆ నమూనాలో సమయం 20 రెట్లు వేగంగా గడుస్తుందని మరవకండి. అది పలచని కమాను డ్యామ్, దాదాపు ఒక్కసారిగా కూలింది. అందుకే గేటు ప్రయోగంతో పోలుతుంది. మట్టి డ్యామ్‌లో గండి క్రమంగా కోసుకుపోతుంది కనుక ఈ పోలిక అక్కడ పనికిరాదు, గండి పెరిగే తీరును వేరుగా లెక్కకట్టాలి.