పాత ఇండికా ఐడిల్‌లో వణుకుతుంటే

అన్నా, మీ 2004 డీజిల్ ఇండికా కారు పొద్దున స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజన్ నడిచేటప్పుడు, వణుకుతుందని, రేస్ ఇస్తే సర్దుకుంటుందని రాశారు. మిర్యాలగూడ మెకానిక్ డీజిల్ పంపు విప్పాలన్నాడని టెన్షన్ పడకండి, పంపు జోలికి ఆఖరున వెళ్లండి.

నాకు ముందు అనుమానం డీజిల్ లైన్‌లోకి దూరే గాలి మీదే. డీజిల్ ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే గొట్టం స్థానంలో పారదర్శక డీజిల్ పైపు ఓ జానెడు వేయించి, ఇంజన్ నడుస్తుండగా చూడండి. బుడగలు కనిపిస్తే గాలి లాగుతున్నట్టే. రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది కాబట్టి పొద్దునే బాధ ఎక్కువ. ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మధ్య, మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే సన్న రిటర్న్ గొట్టాలు మన నల్గొండ ఎండలకు పగులుతాయి, వేలితో వంచితే బీటలు తెలుస్తాయి. ఫిల్టర్ అడుగున నీళ్లూ వదిలేయండి.

బుడగలు లేకపోతే ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త లూజ్ చేయించండి. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారదో, తేడా ఆ సిలిండర్‌లోనే. కామన్ రైల్ బండికి (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే కొత్త రకం ఇంజన్) మాత్రం ఇది అస్సలు చేయొద్దు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. తెల్లపొగ కూడా వస్తే చల్లటి ఇంజన్ స్టార్ట్ అవ్వడానికి లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులు చూపించండి. పొగ రంగు రాయండి, మిగతాది చెప్తాను.