రెండు చేతుల్లో ఫిస్టులా పోయింది, నరాల్లేవు అంటే ఇంక దారే లేదా?

అక్కా, మీ అమ్మకి డయాలసిస్ కోసం రెండు చేతుల్లో ధమనినీ సిరనీ కలిపి వేసిన ఫిస్టులా ఫెయిలై, మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టం, అదే పర్మ్‌క్యాత్ కూడా సరిగ్గా పని చేయక "ఇంక నరాల్లేవు" అన్నారని రాశారు కదా, అచ్చం ఇదే మాట మా నాయనకీ చెప్పినారు, ఆ రోజు తిరుపతి బస్టాండులో కూచోని ఏడ్చేసినా. సిరల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూసే వీనోగ్రామ్ తీయకుండా మాత్రం ఆ మాట నమ్మొద్దక్కా.

నాయనకి డాప్లర్ స్కాన్‌లో చేతి నరాలు బాగానే కనబడేవి, కానీ చెయ్యి ఉబ్బిపోయి ఉంగరం కోసి తీయాల్సొచ్చింది. వీనోగ్రామ్ తీస్తే బ్లాకు చేతిలో కాదు, ఛాతీలో గుండెకి పోయే పెద్ద సిరలో. మొదట్లో ఎమర్జెన్సీ అని కాలర్ బోన్ కింద డయాలసిస్ గొట్టం (క్యాథెటర్) పెట్టినారు, దాని వల్లే. కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ వద్దు, మెడ కుడివైపు పెట్టమని అడగండి దయచేసి. బెలూన్‌తో తెరిచినారు, కొన్ని నెలలకే మళ్ళీ మూసుకుంది.

అప్పుడు తొడలో గ్రాఫ్ట్ వేసినారు, గజ్జ దగ్గర ధమనికీ సిరకీ మధ్య చర్మం కింద గొట్టాన్ని లూపులాగా తిప్పి. షుగర్ ఉంటే ముందు కాలికి రక్తం ఎట్లా పోతాందో చూపించుకోవాలి, లేకుంటే గ్రాఫ్టే రక్తం లాగేసుకుని పాదం దెబ్బతింటుంది. చెమట పట్టే చోటు కాబట్టి ఇన్ఫెక్షన్ భయం చేతికన్నా ఎక్కువే. మా అమ్మ రోజూ కాఫీ పెట్టకముందే నాయన పంచె మీద అరచెయ్యి పెట్టి, గ్రాఫ్ట్‌లో రక్తం పారతా జుయ్యిమంటాందా లేదా చూసేది, ఒక పొద్దున ఆ జుయ్యి లేదు, వెంటనే పోయినాం కాబట్టి గడ్డ తీసి గ్రాఫ్ట్ కాపాడినారు. ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉంటే తొడలో వేసేముందే సర్జన్‌కి చెప్పండి, కొత్త కిడ్నీని కలిపేది కూడా ఆ పక్కనే ఉండే రక్తనాళాలకే.

ఛాతీ మీద ఒక చంక నుంచి ఇంకో చంకకి నెక్లెస్ మాదిరి గ్రాఫ్ట్ వేస్తారు, కానీ దానికి ఛాతీలో సిర తెరుచుకుని ఉండాల. నడుము వైపు నుంచో కాలేయం గుండానో పెద్ద సిరలోకి క్యాథెటర్ పెట్టేది ఆఖరున.

అన్నిటికన్నా ముందు కడుపు డయాలసిస్, అదే సీఏపీడీ, మీ అమ్మకి కుదురుతుందా అని అడగండి, దానికి నరాలే అక్కర్లేదు. రోజుకి 3, 4 సార్లు కడుపులోకి ఎక్కించే సుమారు 2 లీటర్ల నీళ్ళ బ్యాగు మార్చుకోవాల, చేతులు శుభ్రంగా ఉండాల, బయటికొచ్చే నీళ్ళు మబ్బుగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాల. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ బాధే.

పాత డాప్లర్ రిపోర్టులు, సీడీలు, ఎప్పుడు ఎక్కడ క్యాథెటర్ పెట్టినారో ఒక కాగితం మీద రాసుకుని తిరుపతి స్విమ్స్ నెఫ్రాలజీలోనో (కిడ్నీ విభాగం) వేలూరు సీఎంసీ వాస్కులర్ సర్జరీలోనో (రక్తనాళాల విభాగం) చూపించండి. వీనోగ్రామ్ రిపోర్టు వచ్చినాక ఇక్కడే పెట్టండక్కా, చూస్తాను.