మెమరీ కార్డు కొనేముందు ధరలు పోల్చి చూడడం వల్ల లాభం ఉందా?

కెమెరాకు మెమరీ కార్డు కొనేముందు నాలుగు దుకాణాల్లో ధర కనుక్కోవడం అవసరమా, లేక అది కాలయాపనేనా అని మీరు అడిగారు. తప్పకుండా అవసరమే. అయితే బ్రాండు పేరు, 128 జీబీ అన్న అంకె మాత్రమే చూసి ధరలు పోల్చేవారు తరచుగా రెండు వేర్వేరు వస్తువులను పోల్చుకుంటున్నారని నా దృఢమైన అభిప్రాయం.

అట్టపై పెద్ద అక్షరాలతో ముద్రించే 170, 200 వంటి అంకెలు (సెకనుకు మెగాబైట్లు) చాలావరకు కార్డు నుంచి చదివే వేగానికి సంబంధించినవి. కెమెరాకు ముఖ్యమైనది కార్డులోకి ఫొటోలు, వీడియోలు రాసే వేగం. వి30 అన్న గుర్తు ఉంటే ఆ కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాయగలదని అర్థం. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియోకు 12.5 మెగాబైట్లే చాలు. పైగా ఇటువంటి కార్డుకూ కెమెరాకూ మధ్య డేటాను చేరవేసే యూహెచ్‌ఎస్-1 అనే పద్ధతికి సెకనుకు 104 మెగాబైట్లే పరిమితి కాబట్టి, అంతకు మించిన వేగం తయారీదారు చెప్పిన ప్రత్యేక కార్డు రీడరులోనే తప్ప కెమెరాలో అందదు. అసలు సంగతిని చిన్న గుర్తుగా ఒక మూలకు నెట్టి, అక్కరకు రాని అంకెను అంత పెద్దదిగా చూపించడం కొనేవారికి చేస్తున్న అన్యాయమే.

ఒకసారి మా తమ్ముడు ఇలాగే ధరలు వాకబు చేసి, అన్ని చోట్ల కంటే సగానికి తక్కువకు వచ్చిందని ఒక 128 జీబీ కార్డు తెచ్చాడు. మర్నాడే వాడు ఒక పెళ్లికి ఫొటోలు తీయవలసి ఉంది. అట్ట, అచ్చు, రంగు అన్నీ సవ్యంగానే ఉన్నా నాకు ఆ ధర మీద నమ్మకం కుదరక, కార్డును కంప్యూటరుకు తగిలించి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో పూర్తిగా నింపించాను. రాయడం ఎక్కడా ఆగలేదు. తిరిగి చదివించినప్పుడు మాత్రం మొదటి కొద్ది భాగం తప్ప మిగిలినదంతా పాడైనట్టు తేలింది. ఇటువంటి నకిలీ కార్డుల్లో కార్డును నడిపే కంట్రోలర్ చిప్‌కు అబద్ధపు సామర్థ్యం చెప్పమని ముందే నేర్పి ఉంచుతారు. అందువల్ల కెమెరా కూడా 128 అనే చూపిస్తుంది, ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఆ రాత్రి పరీక్షించకపోయి ఉంటే, తాళి కట్టే ఘట్టం ఫొటోలు ఏమైపోయేవో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. ఆ దుకాణదారు డబ్బు వాపసు ఇవ్వడానికి చాలాసేపు మొండికేశాడు; బిల్లు ఉండబట్టి చివరకు ఇచ్చాడు.

అందుచేత మీ కెమెరా ఏ రకం కార్డును అంగీకరిస్తుందో, దానికి ఎంత రాత వేగం కావాలో ముందు మాన్యువల్‌లో చూసుకుని, ఒకే మోడల్ పేరు పట్టుకుని అన్ని చోట్లా ధర అడగండి. బిల్లు ఇవ్వని దుకాణాన్ని, పరీక్షలో తప్పిన కార్డును వెనక్కి తీసుకోనని చెప్పే దుకాణాన్ని, ధర ఎంత తక్కువైనా సరే, ఆ పోలికలోకే రానివ్వకండి.