రెండో మాత్ర మధ్యాహ్నం మూడింటికే ఎందుకు?

మీ నాన్నగారికి గుండె నొప్పి రాకుండా ఇచ్చే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం 8 గంటలకు ఒకటి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకటి రాశారనీ, రెంటికీ పన్నెండేసి గంటల ఎడం ఉండాలి కదా, డాక్టరు పొరబడ్డారేమోననీ అడిగారు. ఆయన పొరబడలేదు. మీరిప్పుడు చేయబోతున్న పొరపాటు నేను ఒకసారి చేశాను.

మాది ఇందుకూరుపేట వైపు, రొయ్యల సాగు. ఐదేళ్ల కిందట మేత బస్తా ఎత్తుకుని చెరువు గట్టెక్కుతుంటే గుండెల మీద రాయి పెట్టినట్టయి, నొప్పి దవడ దాకా లాగింది. నెల్లూరులో పరీక్షలు చేసి ఆంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి అన్నారు. ఇవే మాత్రలు, ఇవే వేళలు. మూడింటికి నేను చెరువు దగ్గరుంటాను, మాత్రలేమో ఇంట్లో. ఎవరినీ అడగకుండా రెండోదాన్ని రాత్రి భోజనం తరవాతకు మార్చుకున్నాను. మొదట్లో బాగానే ఉంది. మూడో వారానికి నాలుగడుగులు వేగంగా వేస్తే చాలు, మళ్లీ అదే బిగింపు.

ఈ మందు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. సిరలు వెడల్పై గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె మీద పడే భారమూ తగ్గుతుంది. అయితే ఇరవైనాలుగు గంటలూ మందు ఉంటే నాళాలు దానికి అలవాటుపడి స్పందించడం మానేస్తాయి. రోజూ 10 నుంచి 14 గంటలు రక్తంలో మందు బాగా తగ్గాలి. పూర్వం డైనమైట్ ఫ్యాక్టరీల కార్మికులకు ఇదే జాతి పదార్థమైన నైట్రోగ్లిజరిన్ వల్ల తలనొప్పి వచ్చేదట. వారం గడిచేసరికి అలవాటై పోయేది, ఆదివారం సెలవు తీసుకుంటే సోమవారం మళ్లీ మొదలు. మన నాళాలకు ఆ ఆదివారం ప్రతి రాత్రీ కావాలి.

చిక్కేమిటంటే, చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నాలుగింటికి ఏరియేటర్లు, అంటే నీటికి గాలి పట్టించే యంత్రాలు చూసుకోవడానికి వెళ్లాలి, అప్పటికి మాత్ర బలం అయిపోయి ఉంటుంది. ఈ సంగతి చెప్పాక డాక్టరు గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ కలిపారు. గట్టెక్కడానికి పావుగంట ముందు, కూర్చుని, ఇదే జాతి మందు, త్వరగా పనిచేసే సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాములు నాలుక కింద పెట్టుకోమన్నారు. మీ నాన్నగారికి నొప్పి ఏ వేళకు, ఏ పనికి వస్తోందో రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. చీటీ మీద ఎస్ఆర్ అనో ఈఆర్ అనో ఉంటే, అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే, లెక్క వేరు. అది సాధారణంగా పొద్దున ఒక్కటే, నమలకూడదు, పొడి చేయకూడదు.

తలనొప్పి నన్ను పది రోజులు పీడించి, తగ్గిపోయింది. దాని కోసం మాత్ర ఉన్నపళంగా మానేయకండి, గుండె నొప్పి ఎదురు తిరుగుతుంది. రోహిణి కార్తె ఎండలో మాత్రం జాగ్రత్త: చెమటకు ఒంట్లో నీరు తగ్గి, పైగా ఈ మందుకు బీపీ పడిపోయి, మంచం మీంచి లేస్తూనే నేను గోడ పట్టుకున్నాను.

మనవైపు నోరు తెరిచి అడగని విషయం ఒకటుంది. సిల్డెనఫిల్, టడలఫిల్ వంటి మగతనం మాత్రలను వీటితో కలిపితే బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. మందుల షాపువాడు అడగడు, మీరే కొడుకుగా ఇబ్బందిపడకుండా చెప్పండి.

నొప్పి వచ్చినప్పుడు మింగే మోనోనైట్రేట్ పనికిరాదు, నాలుక కింద పెట్టుకునేదే కావాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, బైకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

నేనిప్పుడు మోటారు షెడ్డులోనూ ఒక స్ట్రిప్పు ఉంచుకున్నాను. మూడింటికి ఫోను మోగగానే మేత చల్లే కుర్రాళ్లు గట్టు అవతలి నుంచే "అన్నా, మాత్ర!" అని కేకేస్తారు.